వంద మిల్లీలీటర్లు దాటినవి

కుతాయిసి విమానాశ్రయంలో, రెండో బెల్టు దగ్గర,
పదకొండేళ్లుగా సీసాలు పట్టుకోవడం నా ఉద్యోగం.

గోడ మీది నిబంధనలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
డెబ్బై శాతం దాటిన సారా ఏ సంచిలోనూ ఎక్కకూడదు,
అది మందు కాదు, నిప్పు.
ఇరవై నాలుగుకీ డెబ్బైకీ మధ్యదైతే
మనిషికి అయిదు లీటర్లు, అంగడి మూత విప్పకుండా,
విమానం కడుపులో వేసే పెట్టెలో.
ఇరవై నాలుగు లోపు ద్రాక్షసారాకు ఆ పెట్టెలో లెక్కే లేదు.
చేతిసంచిలోనా?
వంద మిల్లీలీటర్లు.
దగ్గుమందు సీసాడు.

పెట్టె ఖరీదు టికెట్టును మించిపోతుంది.
అందుకే మా వాళ్లు అన్నీ చేతుల్లోనే మోస్తారు,
అందుకే నా బల్ల కింది నీలం డబ్బా ఏనాడూ ఖాళీగా ఉండదు.
మినరల్ వాటర్ సీసాలు, జామ్ సీసాలు,
మొక్కజొన్న బెండు బిరడాలు,
ఒకదానికి దారంతో కట్టిన చీటీ: "పెళ్లిదాకా తెరవొద్దు."
డ్యూటీ దిగేముందు అన్నీ సింకులో వంచాలి, సాక్షి సంతకంతో.
ఈ ఊళ్లో ఆ గొట్టాన్ని మించిన తాగుబోతు లేడు.
మా నాన్నకు రెండెకరాల ద్రాక్షతోట.
నేనేం చేస్తానని ఎవరైనా అడిగితే
"ఎయిర్‌పోర్టులో ఏదో" అని మాట తప్పిస్తాడు.

నవంబరులో త్సియాలా వచ్చింది, వాని నుంచి,
నల్లగుడ్డ తలకు బిగించుకుని, బారీ వెళ్లే విమానానికి.
"ఏముందమ్మా ఇందులో?"
"త్సోలికౌరి. మా నేలకుండది."
"ఎంత శాతం?"
"నువ్వెవరి అబ్బాయివి?" అంది, శాతం చెప్పకుండా.

చెల్లెలు నాజిబ్రోలా పందొమ్మిదేళ్లు
బారీలో ఎవరి అవ్వకో ఒళ్లు తుడిచింది.
చివరికి ఆ అవ్వే బతికింది.
రేపటికి ఏడాది.
మా నేల చుక్క ఒక్కటైనా ఆ మట్టిలో పడాలట.

"మందులకైతే మినహాయింపు ఉందమ్మా."
"ఇదీ మందే."
"డాక్టరు చీటీ కావాలి."
"ఆ డాక్టరు మా ఇంట్లోనే తాగేవాడు, నాయనా. పోయాడు."

ఏడ్చేవాళ్లు నాకు అలవాటే. తిట్టేవాళ్లూ అలవాటే.
ఒక పెళ్లికొడుకైతే లీటరున్నర అక్కడే నిలబడి తాగేసి
నడవలేక విమానం తప్పిపోయాడు.
ఈమె ఏమీ అనలేదు.
పక్కకు జరిగి, గుడ్డమూట విప్పి,
పడవలాంటి పొడుగు రొట్టె తీసి
బూట్లు పెట్టే ట్రేలో కాగితం పరిచి పెట్టింది.
బెండు బిరడా పళ్లతో లాగింది.
పోసింది.
చెల్లెలి పేరొక్కటే అంటూ, ఆగి ఆగి,
రొట్టె ఎంత అడిగితే అంత.
వెనక వరుసలో ఒకాయన టోపీ తీశాడు.
బెల్టు విప్పుతున్న కుర్రాడు అలాగే ఆగిపోయాడు.
సగం సీసా మిగిలింది. నా వైపు తోసి,
"ఇది నీ గొట్టానికి" అంది.

పై అధికారి వఖ్తాంగ్ పుస్తకం తెచ్చాడు.
ద్రవాలు, జెల్లులు, పేస్టులు, నురుగులు.
రొట్టె లేదు.
వేలితో నొక్కి చూశాడు, తడి.
ద్రవం గురించి పదమూడు పేజీలున్నాయి,
తడి గురించి ఒక్క ముక్క లేదు.
వేలు వాసన చూసుకుని, కాసేపు కిటికీలోకి చూసి,
"పోనీ" అన్నాడు.

తెర మీద రొట్టె నారింజ రంగు.
సారా కూడా నారింజ రంగే.
ఏది ఎక్కడ మొదలైందో యంత్రానికి అంతు చిక్కలేదు.
త్సియాలా తిరిగి చూడకుండా వెళ్లిపోయింది,
సంచి కింద మాత్రం గచ్చు మీద
ఒకటి, రెండు, మూడు చుక్కలు.
నేను బూటుతో తుడిచేశాను.

రాత్రి రిజిస్టరు రాశాను.
వస్తువు: సగం సీసా.
కారణం: వంద మిల్లీలీటర్లు దాటింది.
యజమాని అన్న గడిలో
నాజిబ్రోలా అని రాశాను.
సాక్షి చదవకుండానే సంతకం పెట్టాడు.